ఆర్డర్లు లేకపోతే మెథడ్ నల్ ఇవ్వాలా, ఖాళీ లిస్టు ఇవ్వాలా?

తొలకరి
అందరికీ నమస్కారం. మా టీమ్‌లో ఒక కోడ్ రివ్యూ ముందుకు కదలడం లేదు, మీ సలహా కావాలి. జావాలో రాసిన సర్వీసు. కస్టమర్ ఐడీ ఇస్తే ఆ కస్టమర్ ఆర్డర్ల లిస్టు తెచ్చే మెథడ్ ఒకటుంది. ఆర్డర్లు ఏమీ లేకపోతే అది నల్ (అసలు ఏ ఆబ్జెక్టూ లేదని చెప్పే విలువ) ఇస్తుంది. దాన్ని పిలిచే ప్రతిచోటా నల్ చెక్ రాయాలి. ఎవరో ఒకరు మర్చిపోతారు, నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (లేని ఆబ్జెక్టును వాడబోతే వచ్చే ఎర్రర్) వస్తుంది, అక్కడ ఇంకో చెక్ చేరుతుంది. అందుకని ఖాళీ లిస్టు ఇచ్చేలా మార్చి రివ్యూకి పెట్టాను.

మా సీనియర్ రెండు అభ్యంతరాలు చెప్పారు. ఏమీ లేనప్పుడు కూడా ఒక లిస్టు ఆబ్జెక్టు తయారుచేయడం వృథా అన్నది మొదటిది. రెండోది: అదే మెథడ్‌లో డేటాబేస్ కాల్ విఫలమైతే ఎర్రర్‌ని పట్టుకునే క్యాచ్ బ్లాకులోనూ నల్ ఇస్తున్నాం. అక్కడా ఖాళీ లిస్టు ఇచ్చేస్తే "ఆర్డర్లు లేవు" అన్నదానికీ "ఆర్డర్లు తేలేకపోయాం" అన్నదానికీ తేడా ఎలా తెలుస్తుంది అని. మొదటిదానికి నా దగ్గర జవాబుంది. రెండోదే తేలడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

స్టాక్‌ట్రేస్
ఖాళీ లిస్టే. ఇందులో నాకు సందేహం లేదు.

వృథా అన్న వాదన జావాలో అసలు నిలవదు. కలెక్షన్స్ క్లాసులో ఎంప్టీలిస్ట్ మెథడ్ ఎన్నిసార్లు పిలిచినా అదే ఒక్క ఆబ్జెక్టును ఇస్తుంది, కొత్తది పుట్టదు. జావా 5 నుంచీ ఉంది. డాట్‌నెట్‌లో అర్రే.ఎంప్టీ ఇదే పని చేస్తుంది. రస్ట్‌లో ఖాళీ వెక్టర్ తయారుచేస్తే, అందులో ఏదైనా వేసేదాకా హీప్‌లో మెమరీయే తీసుకోదు. డేటాబేస్ దాకా నెట్‌వర్క్ మీద వెళ్లొచ్చే మెథడ్‌లో ఒక ఆబ్జెక్టు ఖర్చు గురించి మాట్లాడుకోవడం కొలిచి చూడకుండా చెప్పే మాట.

ఇది నా సొంత అభిరుచీ కాదు. జాషువా బ్లాక్ రాసిన ఎఫెక్టివ్ జావా మూడో ఎడిషన్‌లో 54వ అంశం మొత్తం దీని గురించే. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ డిజైన్ మార్గదర్శకాలు కూడా కలెక్షన్ ఇచ్చే మెథడ్ నల్ ఇవ్వకూడదనే చెబుతాయి. కోడులో తప్పులు వెతికే సోనార్ అనే టూల్‌లో ఎస్1168 అనే రూల్ దీన్ని నేరుగా పట్టుకుంటుంది. ఖాళీ లిస్టు ఏమీ చేయదు: దాని మీద ఫర్ లూప్ సున్నా సార్లు తిరిగి ఊరుకుంటుంది, సైజు అడిగితే సున్నా అంటుంది. పిలిచేవాళ్లు ప్రత్యేకంగా రాయాల్సింది ఏమీ ఉండదు.

పాతకాపు
స్టాక్‌ట్రేస్ గారు చెప్పినవన్నీ నిజమే. కానీ తొలకరి గారు అడిగింది రెండో అభ్యంతరం గురించి, దాన్ని మీరు దాటేశారు.

నేను దగ్గరుండి చూసిన సంగతి ఒకటి చెబుతాను. ఒక సర్వీసు నుంచి, చలామణిలో ఉన్న ఐటెమ్‌ల లిస్టు తెచ్చుకుని, ఆ లిస్టులో లేనివాటిని మన డేటాబేస్‌లో "తొలగించబడింది" అని గుర్తుపెట్టే జాబ్ అది. రాత్రిపూట నడిచేది. ఒకరోజు అవతలి సర్వీసు టైమవుట్ అయింది. మధ్యలో ఉన్న క్లయింట్ కోడు ఎక్సెప్షన్‌ని పట్టుకుని, ఒక లాగ్ లైను రాసి, మర్యాదగా ఖాళీ లిస్టు ఇచ్చింది. లిస్టులో ఏదీ లేదు కాబట్టి జాబ్ ప్రతి రికార్డునూ తొలగించినట్టు గుర్తుపెట్టింది. జాబ్ స్టేటస్ మాత్రం విజయవంతం. తెల్లారాక కేటలాగ్ మొత్తం మాయమైతే గానీ ఎవరికీ తెలియలేదు.

ఆ క్లయింట్ నల్ ఇచ్చి ఉంటే మొదటి లైనులోనే క్రాష్ అయ్యేది, డేటా క్షేమంగా ఉండేది. నల్ అరుస్తుంది. ఖాళీ లిస్టు నోరెత్తకుండా పని పూర్తిచేస్తుంది. అందుకే మీ సీనియర్ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

గోరింక
పాతకాపు గారూ, ఆ కథలో తప్పు ఖాళీ లిస్టుది కాదండీ, ఎక్సెప్షన్‌ని మింగేసిన క్యాచ్ బ్లాకుది. అక్కడ నల్ కూడా సరైన మందు కాదు. ఎవరైనా అలవాటుగా "నల్ అయితే ఖాళీ అనుకో" అని ఒక చెక్ పెట్టేశారంటే మీ కేటలాగ్ మళ్లీ పోతుంది. నల్ చెక్ రాసేవాళ్లలో ఎక్కువమంది రాసేది సరిగ్గా అదే.

జావాలోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. ఫైల్ క్లాసులో లిస్ట్‌ఫైల్స్ మెథడ్. డైరెక్టరీలో ఫైళ్లు లేకపోతే ఖాళీ అర్రే ఇస్తుంది. ఇచ్చిన పాత్ డైరెక్టరీ కాకపోతే నల్. చదివేటప్పుడు ఐఓ ఎర్రర్ వచ్చినా నల్. అంటే ఖాళీకీ వైఫల్యానికీ తేడా చూపించింది, అక్కడివరకు బాగానే ఉంది. కానీ ఎందుకు విఫలమైందో ఆ నల్ చెప్పలేదు. పాత్ తప్పా, డిస్క్ సమస్యా, అనుమతి లేదా? ఏదీ తెలియదు. జావా 7లో వచ్చిన కొత్త ఫైల్ ఏపీఐలో దీన్ని సరిదిద్దారు. డైరెక్టరీ కాకపోతే నాట్‌డైరెక్టరీ ఎక్సెప్షన్, చదవలేకపోతే ఐఓ ఎక్సెప్షన్, ఫైళ్లు లేకపోతే ఖాళీ స్ట్రీమ్. తొలకరి గారి మెథడ్‌కి కావలసింది ఈ కొత్త ఏపీఐ తీరే. ఆర్డర్లు లేకపోతే ఖాళీ లిస్టు. డేటాబేస్ పడిపోతే ఎక్సెప్షన్ పైకి వెళ్లాలి. నల్‌కి అందులో చోటే లేదు.

రక్తపరీక్ష రిపోర్టులో "ఏ దోషమూ కనబడలేదు" అని ఉండటం వేరు, "నమూనా పాడైంది, పరీక్ష జరగలేదు" అని ఉండటం వేరు. రెండో దానికి రిపోర్టు కాగితమే ఇవ్వకుండా ఊరుకుంటే రోగికి ఏం తెలుస్తుంది? నల్ చేసేది అదే.

పాతకాపు
ఒప్పుకుంటాను, క్యాచ్ బ్లాకే అసలు దోషి. కానీ ప్రతిసారీ ఎక్సెప్షన్ వదలడం కుదరదు కదా. ఒక స్క్రీన్ మీద ఆరేడు ప్యానెళ్లు ఉంటాయి: ఆర్డర్లు, కూపన్లు, నోటిఫికేషన్లు. కూపన్ల సర్వీసు పడిపోయిందని మొత్తం స్క్రీన్ ఎర్రర్ చూపించలేం. మిగతావి చూపించి, కూపన్ల దగ్గర "ఇప్పుడు తేలేకపోతున్నాం" అనాలి. ఏపీఐల కోసం వాడే క్వెరీ భాష గ్రాఫ్‌క్యూఎల్ చేసేది ఇదే. లిస్టు ఫీల్డు నల్ కావచ్చని స్కీమాలో రాస్తే, ఆ ఒక్కటి విఫలమైనప్పుడు అక్కడ నల్ పెట్టి, కారణాన్ని ఎర్రర్స్ భాగంలో రాసి, మిగతా డేటా పంపుతుంది. నల్ కాకూడదని రాస్తే ఆ వైఫల్యం పేరెంట్ ఫీల్డుకి పాకి దాన్నీ నల్ చేస్తుంది, అదీ కాకూడదంటే ఇంకా పైకి పోతుంది. కాబట్టి "కలెక్షన్ ఎప్పుడూ నల్ కాకూడదు" అని కళ్లు మూసుకుని రూల్ పెడితే అక్కడ స్క్రీన్ మొత్తం పోతుంది.

గోరింక
అక్కడ నల్ పక్కనే కారణం కూడా వస్తోంది చూడండి. ఒంటరి నల్ కాదది. ఆ తేడా నాకు ముఖ్యం. స్క్రీన్ విషయంలో మీ మాట కాదనను.

సున్నా
ఈ చర్చలో ఇంకా ఎవరూ ముట్టుకోని సంగతి ఒకటుంది. ఖాళీ లిస్టు "ఏమీ చేయదు" అని స్టాక్‌ట్రేస్ గారు అన్నారు. లూప్ విషయంలో నిజం. లాజిక్ విషయంలో కాదు. ఖాళీ లిస్టు కొన్ని ప్రశ్నలకు చాలా గట్టిగా "అవును" అంటుంది.

జావా స్ట్రీమ్స్‌లో ఆల్‌మ్యాచ్ ఉంది. లిస్టులో అన్నీ షరతుకు సరిపోతే ట్రూ ఇస్తుంది. ఖాళీ లిస్టు మీదా ట్రూయే ఇస్తుంది. పైథాన్ ఆల్, జావాస్క్రిప్ట్ ఎవ్రీ కూడా అంతే. తర్కశాస్త్రం ప్రకారం అది సరైనదే, షరతును తప్పిన ఎలిమెంటు ఒక్కటీ లేదు కదా. కానీ "ఈ చెల్లింపుకి కావలసిన ఆమోదాలన్నీ వచ్చాయా?" అన్న ప్రశ్నను అలా రాస్తే, ఆమోదించాల్సినవాళ్ల లిస్టు ఏ కారణంగా ఖాళీగా వచ్చినా చెల్లింపు వెళ్లిపోతుంది. ఇక్కడ నల్ వచ్చి ఉంటే కోడు ఆగేది. పాతకాపు గారి భయానికి ఇది ఇంకా గట్టి ఆధారం.

రెండోది ఫిల్టర్లు. "ఈ స్టోర్ల ఆర్డర్లు తే" అని స్టోర్ ఐడీల లిస్టు ఇస్తాం. లిస్టు ఖాళీ అయితే ఏం రావాలి? ఏ స్టోరూ అడగలేదు కాబట్టి ఏమీ రాకూడదు. కానీ ఎస్‌క్యూఎల్‌లో ఐఎన్ తర్వాత ఖాళీ బ్రాకెట్లు పెడితే పోస్ట్‌గ్రెస్‌లోనూ మైఎస్‌క్యూఎల్‌లోనూ సింటాక్స్ ఎర్రర్. ఆ ఎర్రర్ తప్పించుకోవడానికి చాలామంది "లిస్టు ఖాళీ అయితే ఆ షరతు తీసేయ్" అని రాస్తారు. దాంతో ఏమీ రాకూడని చోట అన్ని స్టోర్ల డేటా వస్తుంది. ఆ లిస్టు యూజర్‌కి అనుమతి ఉన్న స్టోర్ల లిస్టు అయితే? ఏ అనుమతీ లేని మనిషికి మొత్తం కనబడుతుంది. ఇది కేవలం బగ్ కాదు, భద్రతా లోపం. నా అభిప్రాయంలో "ఫిల్టర్ వద్దు" అన్న అర్థానికి వేరే మెథడో, వేరే టైపో ఉండాలి. ఖాళీ లిస్టుకీ నల్‌కీ చెరో రహస్యార్థం పెట్టి నెట్టుకురాకూడదు.

ఎస్‌క్యూఎల్ మాట వచ్చింది కాబట్టి: ఒక్క వరుసా లేని టేబుల్ మీద కౌంట్ చేస్తే సున్నా వస్తుంది, సమ్ చేస్తే నల్ వస్తుంది. ఖాళీ లిస్టును మెమరీలో కూడితే సున్నా. అదే లెక్కను డేటాబేస్‌కి తరలించిన రోజున సున్నా కాస్తా నల్ అవుతుంది. నల్ వస్తే దాని బదులు సున్నా ఇచ్చేలా కోఅలెస్ పెట్టడం మర్చిపోకండి.

స్టాక్‌ట్రేస్
సున్నా గారూ, ఆమోదాల ఉదాహరణ నాకు బాగా పట్టింది. "ఏమీ చేయదు" అన్న నా మాట లూప్‌కే పరిమితం చేసుకుంటున్నాను. కానీ అక్కడ కూడా సరైన దారి నల్ కాదనుకుంటాను. ఆమోదించాల్సినవాళ్లు ఒక్కరైనా ఉండాలన్నది వ్యాపార నియమం. అది కోడులో విడిగా, పేరు పెట్టి రాయాలి: లిస్టు ఖాళీ అయితే చెల్లింపు ఆగాలి. నల్ వల్ల ప్రోగ్రామ్ పడిపోవడం మీద ఆధారపడితే, ఆ నియమం ఉందని కోడు చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

చిగురు
నేను ఈమధ్యే ఉద్యోగంలో చేరాను, పైథాన్ రాస్తాను. "ఇఫ్ నాట్ ఐటెమ్స్" అని రాస్తే నన్ అయినా, ఖాళీ లిస్టు అయినా ఒకే దారిలో వెళ్తుంది కదా. అప్పుడు మాకు ఈ సమస్య లేనట్టేనా అండీ? ఇంకో సందేహం, ఒకే ఒక ఆబ్జెక్టు ఇచ్చే ఫంక్షన్ అయితే ఏం చేయాలి? ఖాళీ కస్టమర్‌ని ఇవ్వలేం కదా.

గోరింక
చిగురు గారూ, సమస్య లేకపోవడం కాదు, కనబడకపోవడం. నన్ అంటే "ఇంకా తేలేదు", ఖాళీ అంటే "తెచ్చాం, లేవు" అనే ఫంక్షన్‌లో ఆ ఒక్క లైను రెండింటినీ కలిపేస్తుంది. తేడా ముఖ్యమైన చోట "ఈజ్ నన్" అని విడిగా అడగండి.

ఒక్క ఆబ్జెక్టు సంగతి వేరే. లిస్టుకి సహజంగానే "లేదు" అని చెప్పే రూపం ఉంది, అది ఖాళీ లిస్టు. ఒక్క ఆబ్జెక్టుకి అలాంటి రూపం లేదు. అందుకే బ్రౌజర్‌లో క్వెరీసెలెక్టర్ ఏమీ దొరకకపోతే నల్ ఇస్తుంది, క్వెరీసెలెక్టర్‌ఆల్ ఖాళీ నోడ్‌లిస్ట్ ఇస్తుంది. పైథాన్‌లోనూ ఆర్‌ఈ.మ్యాచ్ నన్ ఇస్తుంది, ఫైండ్‌ఆల్ ఖాళీ లిస్టు ఇస్తుంది. ఈ పద్ధతిని తప్పినవాటిలో జావాస్క్రిప్ట్ స్ట్రింగ్ మ్యాచ్ ఒకటి. అన్నిచోట్లా వెతకమని చెప్పే జీ ఫ్లాగ్‌తో వాడితే దొరికినవన్నీ అర్రేగా ఇస్తుంది, ఒక్కటీ దొరక్కపోతే మాత్రం నల్. దాని మీద నేరుగా లెంగ్త్ అడిగితే పడిపోతుంది.

జావాలో ఒక్క ఆబ్జెక్టుకి, అది ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పే ఆప్షనల్ ఉంది, 8వ వెర్షన్ నుంచి. కానీ ఆప్షనల్ లోపల లిస్టు పెట్టకండి. "ఆప్షనల్ ఖాళీ", "లోపలి లిస్టు ఖాళీ" అని రెండు ఖాళీలు తయారై, వాటి మధ్య తేడా ఏమిటని ప్రతివాళ్లూ అడుగుతారు.

మునగచెట్టు
గో భాషలో పనిచేసేవాళ్ల తరఫున ఒక మాట. స్లైస్ అంటే మా లిస్టు, నిల్ అంటే మా నల్. మా దగ్గర నిల్ స్లైస్, ఖాళీ స్లైస్ దాదాపు ఒకేలా నడుస్తాయి. నిల్ స్లైస్ లెంగ్త్ సున్నా, దాని మీద రేంజ్ తిప్పొచ్చు, అపెండ్ చేయొచ్చు, ఏదీ పడిపోదు. కాబట్టి ఈ గొడవ మాకు లేదని చాలామంది అనుకుంటారు. డేటాను బయటికి పంపడానికి జేసన్ అనే టెక్స్టు ఫార్మాట్‌లోకి మార్చినప్పుడు బయటపడుతుంది. ప్రామాణిక జేసన్ ప్యాకేజీ నిల్ స్లైస్‌ని నల్ అని రాస్తుంది, ఖాళీ స్లైస్‌ని [] అని రాస్తుంది. సర్వర్‌లో అన్ని టెస్టులూ పాసవుతాయి, అవతల మొబైల్ యాప్ పడిపోతుంది. నిల్ మ్యాప్ కూడా చూసుకోండి: చదవడం ఫర్వాలేదు, రాయబోతే ప్యానిక్.

తొలకరి
మునగచెట్టు గారు చెప్పింది సరిగ్గా మా పరిస్థితే. ఈ మెథడ్ ఇచ్చిందే జేసన్‌గా మొబైల్ యాప్‌కి వెళ్తుంది. ఏపీఐ స్థాయిలో ఏది పద్ధతి? కస్టమర్ ఉన్నాడు, ఆర్డర్లు లేవు. 404 (దొరకలేదు) ఇవ్వాలని ఒకరు, 200 (విజయవంతం)తో [] అని ఒకరు అంటున్నారు. పైగా యాప్ నుంచి ప్యాచ్ రిక్వెస్టులు (ఉన్న డేటాలో కొంత భాగమే మార్చమనేవి) కూడా వస్తాయి, వాటిలో డెలివరీ సూచనల లిస్టు ఉంటుంది.

సున్నా
కస్టమర్ ఉండి ఆర్డర్లు లేకపోతే 200, []. ఆ ఐడీతో కస్టమరే లేకపోతే 404. డేటాబేస్ పడిపోతే 500 లేదా 503. మూడూ మూడు వేర్వేరు నిజాలు, హెచ్‌టీటీపీ మూడింటికీ చోటిచ్చింది, వాడుకోండి. ఆర్డర్లు లేనందుకు 404 ఇస్తే, యూఆర్ఎల్ తప్పు రాసినప్పుడు వచ్చే 404తో అది కలిసిపోతుంది.

ప్యాచ్ దగ్గర మాత్రం ఖాళీ, నల్ ఒకటి చేయొద్దు. జేసన్ మెర్జ్ ప్యాచ్ అని ఆర్‌ఎఫ్‌సీ 7396 ఉంది, 2014లో వచ్చింది. దాని ప్రకారం ఫీల్డు పంపకపోతే ఉన్నది ఉన్నట్టే ఉంచాలి. నల్ పంపితే ఆ ఫీల్డు తీసేయాలి. [] పంపితే పాత లిస్టు స్థానంలో ఖాళీ లిస్టు పెట్టాలి, ఎందుకంటే అర్రేలను అది కలపదు, మొత్తంగా మార్చేస్తుంది. చాలా జావా లైబ్రరీలు మామూలు క్లాసులోకి చదివేటప్పుడు, పంపని ఫీల్డునూ నల్ పంపిన ఫీల్డునూ రెండింటినీ నల్‌గానే నింపుతాయి. అక్కడ మీరు జాగ్రత్తపడకపోతే, కస్టమర్ పేరు మాత్రమే మార్చమని యాప్ అడిగితే డెలివరీ సూచనలు ఎగిరిపోతాయి.

అంటే నేను లోపలికి వచ్చే డేటాకీ బయటికి ఇచ్చే డేటాకీ ఒకే రూల్ పెట్టను. బయటికి ఇచ్చేటప్పుడు కలెక్షన్ ఎప్పుడూ కలెక్షనే. లోపలికి వచ్చేటప్పుడు మాత్రం లేకపోవడానికి అర్థం ఉండొచ్చు.

వెన్నెలబాట
కోట్లిన్ భాషలో ఇదంతా టైపులోనే కనబడుతుంది. ప్రశ్నార్థకం లేని లిస్టు టైపు నల్ కాలేదు, కంపైలరే ఒప్పుకోదు. కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో ఆల్గాల్ డబ్ల్యూలో నల్ రిఫరెన్సు పెట్టినందుకు 2009లో దాన్ని తన నూరు కోట్ల డాలర్ల పొరపాటు అన్నారు కదా, ఆ బాకీ తీర్చడానికి వచ్చిన భాషల్లో ఇదొకటి.

కానీ ఒక హెచ్చరిక. కోట్లిన్‌లో ఆర్‌ఎంప్టీ అనే చిన్న ఫంక్షన్ ఉంది, నల్ లిస్టును ఖాళీ లిస్టు చేస్తుంది. జావా వైపు నుంచి వచ్చిన ప్రతి లిస్టుకీ దాన్ని తగిలించడం అలవాటైపోయింది. గోరింక గారు చెప్పిన "నల్ అయితే ఖాళీ అనుకో" అన్నది ఒక్క పదంలో అయిపోతుంది. అవతలి కోడులో నల్ అంటే వైఫల్యమైతే, మనం దాన్ని విజయంగా మార్చి పైకి పంపుతున్నట్టే.

పాతకాపు గారి స్క్రీన్ సమస్యకి మేం సీల్డ్ క్లాస్ (ఉండగల రకాలన్నీ ముందే ఖాయంచేసే క్లాస్) వాడతాం. ఫలితం "దొరికాయి" అయితే లోపల లిస్టు ఉంటుంది, ఖాళీగా ఉన్నా సరే. "విఫలం" అయితే లోపల కారణం ఉంటుంది. వెన్ ఎక్స్‌ప్రెషన్‌లో రెండూ రాయకపోతే కంపైల్ కాదు. ప్యానెల్ రాసేవాళ్లు వైఫల్యాన్ని మర్చిపోయే వీలే ఉండదు. జావా 21లో కూడా సీల్డ్ ఇంటర్‌ఫేస్, ప్యాటర్న్ స్విచ్‌తో ఇది చేయొచ్చు.

పాతకాపు
వెన్నెలబాట గారూ, నేను నల్‌తో రాబట్టాలనుకున్నది ఇదే. ఇది ఉన్నచోట నల్ కోసం నేను వాదించను. పాత జావా మీద ఉన్నవాళ్లకి మాత్రం ఎక్సెప్షన్ వదిలి, స్క్రీన్ కట్టే పొరలో ప్యానెల్‌కి ఒక క్యాచ్ పెట్టడం మేలు. ఎక్కడ ఏం చూపించాలో తెలిసేది ఆ పొరకే. డేటాబేస్ పొరలో పట్టుకుంటే దానికి ఏం తెలుసు?

స్టాక్‌ట్రేస్
తొలకరి గారూ, మార్చేముందు రెండు చూసుకోండి. ఎంప్టీలిస్ట్ ఇచ్చేదీ, జావా 9 లిస్ట్.ఆఫ్ ఇచ్చేదీ మార్చడానికి వీల్లేని లిస్టులు. పిలిచేవాళ్లలో ఎవరైనా వచ్చిన లిస్టులోకే ఇంకో ఆర్డరు యాడ్ చేస్తుంటే అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. అదీ ఆర్డర్లు లేని కస్టమర్లకి మాత్రమే వస్తుంది కాబట్టి టెస్టింగ్‌లో దొరకదు. ఆర్డర్లు ఉన్నప్పుడు ఇచ్చే లిస్టును కూడా మార్చలేనిదిగానే ఇవ్వండి, రెండు సందర్భాల్లో ప్రవర్తన ఒకటే ఉంటుంది.

ఇంకొకటి, పాత నల్ చెక్‌ల వెనక పని దాగి ఉండొచ్చు. "నల్ అయితే స్వాగత కూపన్ చూపించు" లాంటిది. మీరు ఖాళీ లిస్టు ఇవ్వగానే ఆ దారి మూసుకుపోతుంది, ఎక్కడా ఎర్రర్ రాదు, కొత్త కస్టమర్లకి కూపన్ కనబడదు. పిలిచే చోట్లన్నీ వెతికి, ముందు వాటిని నల్‌నీ ఖాళీనీ రెండింటినీ తట్టుకునేలా మార్చి విడుదల చేయండి. మెథడ్‌ని ఆ తర్వాత మార్చండి.

తొలకరి
అందరికీ కృతజ్ఞతలు. పిలిచే చోట్లు వెతికాను. స్టాక్‌ట్రేస్ గారు అన్నట్టే ఒకచోట నల్ చెక్‌లో "మొదటి ఆర్డరు" బ్యానర్ ఉంది. దాన్ని ఈజ్‌ఎంప్టీగా మార్చే కోడు ముందు విడుదలవుతుంది. మా సీనియర్‌కి ఈ చర్చ చూపించాను. క్యాచ్ బ్లాకు తీసేసి ఎక్సెప్షన్ పైకి వదలడానికి ఒప్పుకున్నారు, ఆయన పట్టుబట్టిందల్లా ఆ తేడా పోకూడదనే. టెస్టులు రెండు రాస్తున్నాను: ఆర్డర్లు లేని కస్టమర్‌కి ఖాళీ లిస్టు, డేటాబేస్ కనెక్షన్ తెగితే ఎక్సెప్షన్.

పాతకాపు
మంచిది. ఈ మెథడ్ ముందు, తెచ్చిన ఫలితాన్ని కొంతసేపు దాచిపెట్టే కాష్ ఏమైనా ఉందా? ఉంటే అదీ చూడండి. వైఫల్యాన్ని ఖాళీగానో నల్‌గానో ఇచ్చే కోడు ముందు కాష్ ఉంటే, డేటాబేస్ కోలుకున్నాక కూడా గడువు తీరేదాకా కస్టమర్‌కి ఆర్డర్లు లేవనే చెబుతూ ఉంటుంది.

తొలకరి
ఉందండీ. నల్ వస్తే దాచకుండా వదిలేసే షరతు కూడా ఉంది. దానివల్ల ఆర్డర్లు లేని కస్టమర్లకి ప్రతిసారీ డేటాబేస్‌కి వెళ్తున్నాం, ఇప్పుడు గమనించాను. ఖాళీ లిస్టు ఇవ్వడం మొదలుపెడితే అది కాష్‌లో చేరుతుంది, ఎక్సెప్షన్ అయితే చేరదు. కొత్త ఆర్డరు పడగానే ఆ ఎంట్రీ తొలగించే కోడు ఉందో లేదో మాత్రం చూడాలి. అది చూశాకే మెర్జ్ చేస్తాను.